చలికాలం ట్రెయిలర్ ఎక్కడ పెడతారో చెప్పండి, ఏ బ్యాటరీ కొనాలో చెప్తాను

కారు వెనక కట్టి క్యాంపింగ్‌కి లాక్కెళ్లే ట్రెయిలర్ కొన్న మొదటి ఏడాది, మార్చి ఆఖర్లో స్టోరేజీ యార్డుకు వెళ్లి బ్యాటరీ పెట్టె మూత తీశాను. బ్యాటరీ రెండు పక్కలా ఉబ్బి పెట్టెలో బిగుసుకుపోయి ఉంది. ఒక మూల వెంట్రుకంత పగులు, దాని కింద పెట్టె అడుగున తడి. మీటరు పెడితే 3 వోల్టులు కూడా లేవు. అక్టోబరులో అక్కడ వదిలి వచ్చినప్పుడు అదే బ్యాటరీ 12.7 చూపించింది. ఈ ఐదు నెలల్లో మేం అందులో ఒక్క రాత్రి పడుకోలేదు, ఒక్క లైటు వెయ్యలేదు. "తలుపు పక్కనున్న స్విచ్ ఆపేస్తే చాలు" అని బండి అమ్మినచోట చెప్పారు. అలాగే ఆపి వచ్చాం.

మేం మిషిగన్‌లో ఉంటాం. మే నుంచి అక్టోబరు దాకా పిల్లల సెలవుల్ని బట్టి ఏడెనిమిది ట్రిప్పులు వేస్తాం. స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బలు, మాకినా, ఒకసారి ఇంకా పైకి పిక్చర్డ్ రాక్స్ దాకా. మిగతా ఆరు నెలలు బండి కదలదు. ఇప్పుడు మా స్నేహితుల్లో ఎవరు ట్రెయిలర్ కొన్నా మొదట అడిగేది, "లిథియం పెట్టించేయమంటావా అన్నా?" అనే. నేను తిరిగి అడిగేది ఒకటే: చలికాలం బండి ఎక్కడ పెడతావు, అక్కడ కరెంటు ప్లగ్ ఉందా? ట్రిప్పుల్లో వాడి వాడి అరిగిపోయే బ్యాటరీల కంటే, ఖాళీగా నిలబడ్డ రోజుల్లో చచ్చిపోయే బ్యాటరీలనే నేను ఎక్కువ చూశాను. ఏ రకం కొనాలన్నది ఆ నిలబడే చోటు తేలాక చూసుకోవాల్సిన విషయం.

నిలబడ్డ బండిలో ఏం జరుగుతుంది

ఆ స్విచ్ ఆపినా చాలా ట్రెయిలర్లలో ఒకటి రెండు వస్తువులు ఆగవు. ముఖ్యంగా గ్యాస్ లీకైతే కూసే డిటెక్టరు. ప్రాణాలకు సంబంధించింది కాబట్టి దాన్ని స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు. కొన్ని బండ్లలో స్టీరియో మెమరీ కూడా అంతే. ఇవన్నీ కలిపి 0.1 యాంప్ తాగుతున్నాయనుకోండి. రోజుకు 2.4 యాంప్ అవర్లు (యాంపుల్ని గంటలతో గుణిస్తే వచ్చేది). కొత్త ట్రెయిలర్‌తో మామూలుగా వచ్చే చిన్న బ్యాటరీ 75, 80 యాంప్ అవర్లది. అంటే అక్టోబరు ఆఖర్లో నిండుగా వదిలిన బ్యాటరీ డిసెంబరు మొదటికల్లా ఖాళీ.

ఖాళీ అయిన లెడ్ యాసిడ్ (సీసం పలకలు, యాసిడ్ ఉండే మామూలు) బ్యాటరీలో రెండు నష్టాలు ఒకేసారి మొదలవుతాయి. యాసిడ్‌లోని సల్ఫేటు అంతా సీసం పలకలకు అంటుకుపోతుంది. వెంటనే చార్జ్ చేస్తే మళ్లీ కరుగుతుంది, వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలై ఇక వదలదు. రెండోది, సల్ఫేటు పోయాక మిగిలిన ద్రవం ఇంచుమించు నీళ్లే. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కు కూడా గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినది మైనస్ 7 దగ్గరే గడ్డకడుతుంది. మా ఊళ్లో జనవరిలో మైనస్ 7 అంటే పర్వాలేదనిపించే రోజు. మా బ్యాటరీ ఉబ్బింది అందుకే. నీళ్ల సీసా ఫ్రీజర్‌లో పెడితే పగిలినట్టు పగిలింది. ఒకసారి గడ్డకట్టిన బ్యాటరీ మళ్లీ కరిగినా, పైకి బాగానే కనిపించినా, దానికి చార్జర్ తగిలించకండి. లోపల పలకలు వంగి ఒకదానికొకటి తగిలి ఉండొచ్చు.

కాబట్టి ఏ రకం కొన్నా ముందు కొనాల్సింది 20 డాలర్ల మల్టీమీటరు. దాంతో పాటు బ్యాటరీ నెగటివ్ తీగ మీదే బిగించే డిస్‌కనెక్ట్ స్విచ్. తలుపు పక్కనున్న స్విచ్‌లా కాదు, ఇది తిప్పితే డిటెక్టరుతో సహా అన్నీ ఆగిపోతాయి. మళ్లీ మనుషులు లోపల పడుకునే ముందు ఆన్ చేయడం మాత్రం మర్చిపోకూడదు.

నీళ్ల బ్యాటరీ, ఏజీఎం, లిథియం

నీళ్ల బ్యాటరీ, అంటే లెడ్ యాసిడ్‌లో నీళ్లు పోసే రకం, తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఖమ్మంలో మా ఇంట్లో ఇన్వర్టర్ మెట్ల కింద ఉండేది. ఎండాకాలం కరెంటు కోతలు మొదలయ్యే ముందు నాన్న డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చి, ఒక్కో మూతలోని ఫ్లోటు ఎంత దిగిందో చూస్తూ పోసేవాడు. ట్రెయిలర్ ముందు పెట్టే ఈ బ్యాటరీ కూడా అదే జాతి. తేడా ఏంటంటే ఇక్కడ ఫ్లోటు ఉండదు. మూత ఊడదీసి టార్చి వేసి చూడాలి. వెలుతురు పడ్డప్పుడు నీటి మట్టం మెరుస్తుంది, కింద పలకల అంచులు కనిపిస్తాయి. మూత బిగించే గొట్టం అడుగుకి కొంచెం కింద దాకా నీళ్లుండాలి, అంతకు మించి పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. చార్జింగ్ అయ్యాకే పోయాలి. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందు పోసి, చార్జ్ చేసి, తర్వాత మిగతాది. కుళాయి నీళ్లు వద్దు, అందులోని ఖనిజాలు పలకల్ని పాడుచేస్తాయి. ఈ పనికి కళ్లద్దాలు, గ్లోవ్స్ పెట్టుకోండి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

దీని ధర ఇప్పుడు సుమారు 120 నుంచి 150 డాలర్లు. కానీ సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది, అందుకని 80 యాంప్ అవర్లది కొంటే మీ చేతికొచ్చేది 40. అక్టోబరులో ఒక రాత్రి లెక్క చూడండి. హీటర్ ఫ్యాను నడిచినప్పుడు 7 యాంపులు తాగుతుంది. తొమ్మిది గంటల రాత్రిలో అది మొత్తం మూడు గంటలు తిరిగితే 21. ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు, లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపితే 30 దాటుతుంది. హుకప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో ఇచ్చే కరెంటు కనెక్షన్) లేని చోట ఒక్క రాత్రికి సరి. రెండో రాత్రి తెల్లవారుజామున ఫ్యాను నీరసంగా తిరగడం మొదలుపెట్టి, హీటర్ ఆగిపోయి, పిల్లలు దుప్పట్లు లాక్కుంటూ లేస్తారు. ఆ టెన్షన్ మాకు అనుభవమే.

ఇందులోనే ఇంకో మంచి దారి ఉంది, చాలామందికి తట్టదు. గోల్ఫ్ కార్ట్‌లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు తెచ్చి సిరీస్‌లో కలపడం. మొత్తం 12 వోల్టులు, 210 నుంచి 225 యాంప్ అవర్లు. వాటి పలకలు మందంగా ఉంటాయి, రోజూ బాగా ఖాళీ చేసి నింపే వాడకానికే చేసినవి. అయితే ఒక్కొక్కటి 28 కిలోల దాకా ఉంటుంది. రెండూ ట్రెయిలర్ ముక్కు మీదే కూర్చుంటాయి కాబట్టి మీ కారు మోయగల బరువు ముందు చూసుకోవాలి.

ఏజీఎం కూడా లెడ్ యాసిడే. యాసిడ్ ద్రవంగా కదలకుండా గాజు నూలు చాపల్లో పీల్చుకుని ఉంటుంది. నీళ్లు పోసే పని లేదు, పక్కకి ఒరిగినా కారదు, మామూలుగా గ్యాస్ వదలదు. ఊరికే కూర్చుంటే నీళ్ల బ్యాటరీ కంటే నెమ్మదిగా దిగుతుంది. మంచం కిందో సీటు కిందో బ్యాటరీ ఉండే వ్యాన్లకూ, కొన్ని మోటార్ హోమ్‌లకూ ఇది సరైనది. కానీ సగం వరకే వాడాలన్న నియమం దీనికీ ఉంది, ధర రెట్టింపు దగ్గర. ట్రెయిలర్ ముందు బయట పెట్టుకునేవాళ్లకి "నీళ్లు పోయక్కర్లేదు" అనే ఒక్క సుఖం కోసం అంత పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

ఇక లిథియం. ఆర్వీల్లో (ట్రెయిలర్లు, మోటార్ హోమ్‌ల్లో) వాడేది ఫోన్లలో ఉండే లిథియం కాదు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ నుంచి పాఢి, నంజుండస్వామి, గుడ్‌ఇనఫ్ రాసిన పేపర్‌తో ఇది వెలుగులోకి వచ్చింది. ఆ గుడ్‌ఇనఫ్‌కే 2019లో, 97 ఏళ్ల వయసులో, లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి నోబెల్ ఇచ్చారు. ఫాస్ఫేటులో ఆక్సిజన్ గట్టిగా బంధించి ఉంటుంది, వేడెక్కినా తేలిగ్గా బయటికి రాదు. అందుకే మిగతా లిథియం రకాలతో పోలిస్తే దీనికి మంటలు అంటుకునే ప్రమాదం చాలా తక్కువ. పిల్లల్ని పడుకోబెట్టే మంచం కింద పెట్టే వస్తువు కాబట్టి నాకు ఈ ఒక్క సంగతి ధర కంటే ముఖ్యం.

100 యాంప్ అవర్ల లిథియంలో ఇంచుమించు మొత్తం వాడుకోవచ్చు. బరువు 11, 12 కిలోలే. నీళ్ల బ్యాటరీ సగం లోతు వాడకంలో కొన్ని వందల సార్లు వస్తే ఇది రెండు మూడు వేల సార్లు వస్తుంది. పొద్దున్న 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఇచ్చేదాన్ని పెద్దగా వృథా చేయకుండా తీసుకుంటుంది. ధరల్లో మాత్రం చాలా తేడా ఉంది, నాణ్యతలోనూ అంత తేడా ఉంది.

కొనేముందు తెలుసుకోవాల్సిన ఇబ్బందులు నాలుగు. మొదటిది చలి. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద దీన్ని చార్జ్ చేయకూడదు. చేస్తే లిథియం లోహంగా పేరుకుపోయి బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవడం మాత్రం మైనస్ 20 దాకా వాడుకోవచ్చు. మంచి బ్యాటరీల్లో ఉండే బీఎంఎస్ అనే బోర్డు చలిలో చార్జింగ్‌ను తనే ఆపేస్తుంది. చవక రకాల్లో కొన్నింటికి ఆ రక్షణ ఉండదు, వివరాల పేజీలో ఆ మాట స్పష్టంగా ఉంటేనే కొనండి. రెండోది, మన పాత కన్వర్టర్, అంటే ప్లగ్ కరెంటును 12 వోల్టులకు మార్చి బ్యాటరీని చార్జ్ చేసే పెట్టె. లిథియంకి 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి, 13.6 దగ్గరే ఆగిపోయే కన్వర్టర్‌తో అది నెమ్మదిగా నిండుతుంది, ఒక్కోసారి పూర్తిగా నిండదు. కన్వర్టర్ మార్చాల్సొస్తే ఆ ఖర్చు కూడా కలుపుకోండి. మూడోది, వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. సగం ఉన్నా 13.2, ఎక్కువ ఉన్నా ఇంచుమించు అంతే. గోడ మీద బ్యాటరీ ఎంతుందో చూపించే నాలుగు లైట్లు ఆఖరి దాకా ఫుల్ అనే చూపిస్తాయి. షంట్ (వచ్చి పోయే కరెంటును కొలిచే ముక్క) పెట్టే మానిటర్ ఉంటేనే లెక్క తెలుస్తుంది. నాలుగోది మోటార్ హోమ్ వాళ్లకి: లిథియం ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి పాడవుతుంది. మధ్యలో ఆ కరెంటును అదుపులో పెట్టే డీసీ టు డీసీ చార్జర్ తప్పనిసరి.

చలికాలం నాలుగు దారులు

బండి ఇంటి పక్కనే ఉండి ప్లగ్ అందుబాటులో ఉంటే పని తేలిక. అయితే "ప్లగ్ పెట్టి వదిలెయ్యడం" అన్ని బండ్లలోనూ మంచిది కాదు. మీ కన్వర్టర్ నిండాక 13.2 దగ్గరికి దిగి అక్కడే ఉంటే లెడ్ యాసిడ్‌కి ఢోకా లేదు. పాత రకం ఒకే వోల్టేజీ కన్వర్టర్లు నెలల తరబడి ఎక్కువ ఇస్తూనే ఉంటాయి, నీళ్లన్నీ ఆవిరైపోతాయి. ప్లగ్ పెట్టిన మర్నాడు మీటరుతో బ్యాటరీ మీద కొలవండి, వారం తర్వాత మళ్లీ కొలవండి. 13.2, 13.6 మధ్య ఉంటే వదిలెయ్యొచ్చు, నెలకోసారి నీళ్లు చూసుకుంటే చాలు. 13.8 దాటి ఉంటే కన్వర్టర్‌ని నమ్మకండి.

అప్పుడు రెండో దారి, మెయింటైనర్. ఒకటి రెండు యాంపుల చిన్న చార్జరు, నిండాక తనే తగ్గిపోతుంది. 30 నుంచి 60 డాలర్లలో వస్తుంది. నా మట్టుకు నాకు నీళ్ల బ్యాటరీకి ఇంతకంటే మంచి పెట్టుబడి కనిపించలేదు.

మూడోది సోలార్. టెక్సస్‌లోనో అరిజోనాలోనో అయితే కంట్రోలరుతో 20 వాట్ల చిన్న ప్యానెల్ పెట్టినా డిటెక్టరు తాగే దానికి సరిపోతుంది. మా దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం వారాల తరబడి మబ్బే, పైగా చదునుగా ఉన్న ప్యానెల్ మీద మంచు పేరుకుంటుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండేవాళ్లు చలికాలానికి సోలార్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

నాలుగోది, బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకోవడం. కరెంటు లేని యార్డులో పెట్టేవాళ్లకి, ముఖ్యంగా మంచు పడే ఊళ్లలో, ఇదే సరైన దారి. లెడ్ యాసిడ్ అయితే గ్యారేజీలో పెట్టి మెయింటైనర్ తగిలించండి, లేదా నెలకోసారి నిండా చార్జ్ చేయండి. గ్యారేజీ చల్లగా ఉన్నా పర్వాలేదు, నిండుగా ఉన్న బ్యాటరీకి చలి మంచిదే, తక్కువ దిగుతుంది. లిథియంకి దీనికి తిరగేసి చెయ్యాలి. సగం నుంచి అరవై శాతం చార్జ్‌లో, ఏ చార్జరూ తగిలించకుండా, బేస్‌మెంట్‌లో పెట్టి ఊరుకోవాలి. నెలకు రెండు మూడు శాతమే దిగుతుంది, ఆరు నెలలు నిశ్చింత. 12 కిలోల వస్తువు కాబట్టి మా ఆవిడ కూడా ఒంటి చేత్తో దించేస్తుంది. 28 కిలోల గోల్ఫ్ బ్యాటరీలు రెండు మెట్లు దించడం వేరే సంగతి, నడుము నొప్పి ఉన్నవాళ్లు కొనేముందే ఇది ఆలోచించుకోవాలి.

ఎవరికి ఏది

కరెంటు హుకప్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్లకే వెళ్తారు, బండి ఇంటి దగ్గరే ఉంటుంది అంటే నీళ్ల బ్యాటరీ, ఒక మెయింటైనర్ చాలు. లిథియం మీద పెట్టే డబ్బుతో ఇంకో రెండు ట్రిప్పులు వెళ్లండి. ఈ మాట నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే హుకప్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ ఏ రకమైనా మీకు తేడా తెలియదు.

హుకప్ లేని స్టేట్ ఫారెస్ట్ చోట్లకి ఏడాదికి నాలుగైదు సార్లకు మించి వెళ్తారు, రెండు మూడు రాత్రులుంటారు అంటే లిథియం. మేం మూడో ఏడాది మారాం. అక్టోబరు రాత్రి హీటర్ తెల్లార్లూ నడిచాక పొద్దున్న మానిటర్‌లో ఇంకా 62 శాతం కనిపించినప్పుడు, కాఫీ తాగుతూ ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నాను. యార్డులో బండి పెట్టేవాళ్లకి కూడా, బడ్జెట్ ఉంటే, విప్పి తెచ్చుకోవడం సులువన్న ఒక్క కారణంతో లిథియం వైపే మొగ్గుతాను.

రాత్రులు ఎక్కువ కావాలి, లిథియంకి ఇప్పుడు డబ్బు లేదు, నీళ్లు చూసుకునే ఓపిక ఉంది అంటే రెండు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు.

డల్లాస్, ఫీనిక్స్ లాంటి చోట్ల ఉండేవాళ్లకి గడ్డకట్టే భయం చాలా తక్కువ, వాళ్ల శత్రువు వేడి. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ ఆయుష్షు సగమవుతుందని లెక్క. వేసవిలో నీళ్లు నెలకోసారి తప్పకుండా చూడాలి. లిథియం కూడా ఎండలో మగ్గే పెట్టెలో ఉంటే త్వరగా ముసలిదవుతుంది, నీడ ఉన్న చోట బిగించండి.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కార్లలో నలుపు తీగ నెగటివ్ అని అలవాటు కదా, ట్రెయిలర్లలో చాలావాటికి నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. వసంతంలో అలవాటు కొద్దీ తిరగేసి బిగించి కన్వర్టర్ ఫ్యూజులు కాల్చుకున్న వాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఏమీ పనిచేయకపోతే కన్వర్టర్ చెడిందనుకునే ముందు ఆ రివర్స్ పోలారిటీ ఫ్యూజులు చూడండి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకుంటే కప్పు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి, మూతలు గట్టిగా బిగించి ఉంచాలి, సోడా లోపలికి పోకూడదు.

లెడ్ యాసిడ్ వోల్టేజీ చూసేటప్పుడు చార్జర్ తీసి నాలుగైదు గంటలు ఆగి చూడండి. 12.6, 12.7 అంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కిందికి వచ్చిందంటే ఆ రోజే చార్జ్ చెయ్యాలి.

ఇంకో సంగతి, బండి దారిలో కారు నుంచి ఊడిపోతే ట్రెయిలర్ బ్రేకులు పడేది ఈ బ్యాటరీ బలంతోనే. అందుకే బ్యాటరీ లేకుండా, లేదా ఖాళీ బ్యాటరీతో బండిని యార్డు నుంచి ఇంటికి కూడా లాక్కురాకండి. లిథియం వాళ్లు మరీ జాగ్రత్త, బాగా ఖాళీ అయితే బీఎంఎస్ ఒక్కసారిగా కరెంటు కట్ చేసేస్తుంది, అప్పుడు బ్రేకుకి ఏమీ మిగలదు. ఏప్రిల్లో బ్యాటరీ బిగించాక నేను మొదట చేసేది ఇదే: కారు ప్లగ్ విప్పేసి, బ్రేక్అవే పిన్ను (బండి ఊడితే ఊడొచ్చి బ్రేకులు పడేలా చేసేది) లాగి, బండిని కొంచెం ముందుకు లాగి చూస్తాను. చక్రాలు బిగుసుకుని కంకర మీద ఈడ్చుకుంటే పిన్ను వెంటనే తిరిగి పెట్టేస్తాను, ఎక్కువసేపు వదిలితే బ్రేకు అయస్కాంతాలు వేడెక్కుతాయి. ఆ తర్వాతే గ్యాస్ డిటెక్టరు బటన్ నొక్కి కూస్తుందో లేదో చూసి, పిల్లల్ని ఎక్కమంటాను.